మహారాజశ్రీ బూస్ట్ బటన్ గారి దివ్యసముఖమునకు

అయ్యా,

ఒక చిన్న వ్యాపారి అనేక నమస్కారాలు చేసి రాసుకునే విన్నపం. ఇక్కడ లైకులు క్షేమం, వ్యూస్ క్షేమం. అమ్మకాల సంగతి అడక్కండి. మీరెలాగూ అడగరనుకోండి.

తమరు ఒక్క ఇంటివారు కాదు. డబ్బు కడితే పోస్టుని మరింతమందికి చూపించే బటన్‌గా దాదాపు ప్రతి యాప్‌లోనూ ఉన్నారు. ఒకచోట బూస్ట్, ఇంకోచోట ప్రమోట్, పేరేదైనా తీరు ఒకటే. పోస్టు పెట్టి ఊపిరి పీల్చుకునేలోపే కింద మెరుస్తూ కొలువుదీరి ఉంటారు. కాసేపటికి కబురు కూడా పంపుతారు: "ఈ పోస్టు మీ మిగతా పోస్టుల్లో 90 శాతం కంటే బాగా నడుస్తోంది. బూస్ట్ చేస్తే మరింతమందికి చేరుతుంది." వినగానే ఛాతీ పొంగుతుంది. మిగతా పోస్టులు ఎలా నడిచాయో గుర్తొచ్చాక దిగిపోతుంది. రెండు లైకులొచ్చే చోట ఐదొస్తే, శాతాల్లో చెప్పుకున్నప్పుడు అది ఘనవిజయమే.

తమరి మెప్పు పొందే పోస్టులేవో ఏ చిన్న వ్యాపారినడిగినా చెబుతారు. సరుకు ఫోటో కాదు. "రేపు షాపుకి సెలవు" అన్న ప్రకటన. కొత్త సరుకు వచ్చిందంటే పట్టించుకోని జనం, మేం షాపు తెరవడం లేదంటే మాత్రం మనస్ఫూర్తిగా హర్షిస్తారు. ఆ సెలవు కబురుని డబ్బు పెట్టి పదివేలమందికి చేరవెయ్యమని సలహా ఇచ్చే గుమాస్తా తమరు కాక ఇంకెక్కడ దొరుకుతాడు!

ఉండబట్టలేక తమరి వంశచరిత్ర కొంచెం తిరగేశాను. వ్యాపారాల కోసం ఫేస్‌బుక్ పేజీలు తెరిచింది 2007లో. పేజీ పెట్టుకోండి, అభిమానుల్ని పోగేసుకోండి, వాళ్లతో నేరుగా మాట్లాడుకోండి, పైసా ఖర్చు లేదు అన్నారు. వ్యాపారులు నమ్మారు. షాపు బోర్డు మీద, బిల్లు అడుగున, విజిటింగ్ కార్డు వెనకాల, "మమ్మల్ని ఫాలో అవ్వండి" అని సొంత ఖర్చుతో అచ్చేయించారు. లోకంలోని చిన్నాచితకా షాపులన్నీ కలిసి ఒక కంపెనీకి ఉచితంగా బోర్డులు కట్టిపెట్టాయన్నమాట. జనం చేరారు. 2012 వచ్చేసరికి పేజీల పోస్టులు సగటున తమ అభిమానుల్లో 16 శాతం మందికే చేరుతున్నాయని ఆ కంపెనీయే చెప్పింది. మరి మిగతావాళ్లకి చేరాలంటే? సరిగ్గా ఆ ఏడాదే "ప్రమోటెడ్ పోస్ట్" అన్న పేరుతో తమరి తొలి అవతారం. సమస్యా పరిష్కారమూ ఒకే ఏడాది, ఒకే గూటి నుంచి బయటికి రావడం కేవలం యాదృచ్ఛికమని నేను నమ్ముతున్నాను. నమ్మక ఏం చేస్తాను?

2014లో ఆ కంపెనీ పెద్దలొకరు విడమరచి చెప్పారు కూడా. ఒక మనిషి ఫీడ్ తెరిచినప్పుడల్లా 1,500కు పైగా పోస్టులు కనపడటానికి సిద్ధంగా ఉంటాయట, వాటిలోంచి 300 దాకా ఏరి చూపిస్తారట. సబబే. అందరూ ఒకేసారి అరిస్తే ఎవరి మాటా వినపడదు. 2018లో మరో ప్రకటన: ఇకమీదట స్నేహితులు, కుటుంబసభ్యుల పోస్టులకే పెద్దపీట, వ్యాపారాలవి తగ్గుతాయి అని. ఇదీ సబబే, ఎవరూ దుకాణాల కోసం అక్కడికి రారు. ఒక్కటే నాకు అంతుబట్టదు. అంత ఇరుకులో, అంత తొక్కిసలాటలో, డబ్బు కట్టిన పోస్టుకి మాత్రం ఎప్పుడూ ఖాళీ ఎలా దొరుకుతుంది? మేం పిలుచుకున్న చుట్టాల్ని మేం పలకరించడానికి, హాలు యజమాని గుమ్మంలో నిలబడి తలకింత అని వసూలు చేసినట్టుంది వ్యవహారం. చుట్టాలకేమో మేం పలకరించలేదని కోపం.

సరే, కడదాం. కడుతూనే ఉన్నాం. అసలు గొడవ డబ్బు కట్టడం గురించి కాదు. కట్టిన డబ్బుకి తమరు ఏం కొనిపెడుతున్నారన్నదే.

తమరిని నొక్కగానే ఎంతో మర్యాదగా అడుగుతారు. ఎవరికి చూపించాలి? రోజుకెంత? ఎన్ని రోజులు? ఇంత తక్కువ ప్రశ్నలతో డబ్బు పుచ్చుకునేవాళ్లు లోకంలో అరుదు. "దేనికోసం?" అన్న ప్రశ్నా ఉంటుంది, కాదనను. కాకపోతే చాలాసార్లు దానికి జవాబు తమరే నింపి ఉంచుతారు. ఎక్కువమంది స్పందించాలి, ప్రొఫైల్ చూడాలి, మెసేజ్ పెట్టాలి. అవన్నీ ముందు వరసలో కూర్చుంటాయి. "కొనాలి" అన్న మాట ఎక్కడో వెనక బెంచీలో ఉంటుంది, వెతికితే కనపడుతుంది.

తమరి వెనకున్న యంత్రం తెలివితక్కువది కాదు. చెప్పిన మాట అక్షరాలా వింటుంది, అదే దాని గుణం, అదే మా ఖర్మ. స్పందన కావాలంటే స్పందించే అలవాటున్నవాళ్లని ఏరికోరి పట్టుకొస్తుంది. ఆ మనుషులు పొద్దున కళ్లు తెరిచింది మొదలు లైకు కొడుతూనే ఉంటారు. మబ్బుల ఫోటోకి, మరణవార్తకి, మా సరుకుకి, అన్నిటికీ ఒకే బొటనవేలు. వాళ్ల మనసులో కల్మషం లేదు, కొనే ఉద్దేశం అంతకంటే లేదు. జేబులో చెయ్యి పెట్టే మనిషి వేరే రకం. ముఖం ముడుచుకుని ఫోటో చూస్తాడు. లైకు కొట్టడు, కామెంట్ పెట్టడు. ధర చూసుకుని, ఇంట్లో అడిగి, నాలుగు చోట్ల వాకబు చేసి, మూడో వారంలో వచ్చి కొనుక్కుపోతాడు. తమరి లెక్కల్లో వాడు దండగమనిషి, స్పందించలేదు కదా! యంత్రం పాఠం నేర్చుకుంటుంది. ఇలాంటివాళ్లకి చూపించి లాభం లేదని వాడిని పక్కనపెట్టి, ఇంకో వెయ్యిమంది లైకురాయుళ్ల కోసం బయల్దేరుతుంది. అంటే వ్యాపారి సొంత డబ్బు పెట్టి, కొనేవాడికి అంగుళం అంగుళం దూరంగా జరుగుతున్నాడు. మధ్యలో డాష్‌బోర్డ్ మీద పచ్చబాణం మాత్రం పైకి లేస్తూనే ఉంటుంది. ఆ బాణాన్ని చూపిస్తే సరుకిచ్చేవాడు అప్పు మాఫీ చెయ్యడు, ఎందుకో.

తమరికి యాడ్స్ మేనేజర్ అని, ప్రకటనల వ్యవహారమంతా చూసుకునే ఒక అన్నగారున్నారట. ఆయన దగ్గర "అమ్మకాలు" అన్న లక్ష్యం దర్జాగా పై వరసలోనే ఉంటుంది. అందుకే కాబోలు ఆయన్ని పెరట్లో కూర్చోబెట్టి తమరు వీధి గుమ్మంలో నిలబడ్డారు. పోనీ కష్టపడి ఆయన్ని దర్శించుకుంటే ఆయనో పండితుడు. క్యాంపెయిన్ లోపల యాడ్ సెట్, యాడ్ సెట్ లోపల యాడ్, వెబ్‌సైట్‌లో ఎవరేం చేశారో మోసుకొచ్చి చెప్పే పిక్సెల్. అన్నీ నేర్చుకుని అమ్మకాలే కావాలని అడిగితే, తనకింకా చదువు పూర్తి కాలేదంటాడు. వారానికి సుమారు 50 ఫలితాలు కళ్లజూస్తే తప్ప ఆయన "లెర్నింగ్ ఫేజ్" దాటడు. వారానికి 50 మంది ఆన్‌లైన్‌లో కొంటుంటే ఈ చిన్న వ్యాపారి అర్ధరాత్రి దాకా ఆయన ముందు చేతులు కట్టుకుని ఎందుకు కూర్చుంటాడు? వారానికి ఎనిమిది అమ్ముకునేవాడి యాడ్ మీద "లెర్నింగ్ లిమిటెడ్" అని ముద్ర పడుతుంది. చదువు అబ్బలేదని అర్థం. ట్యూషన్ ఫీజు మాత్రం రోజూ ఠంచనుగా కోతపడుతుంది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి, లేకపోతే కళ్లు పోతాయి. తమరు రాకముందు మాలాంటివాళ్లకి ప్రకటన అన్నది అందని ద్రాక్షే. పేపర్లో అరపేజీ కొనే స్తోమత లేదు, కొన్నా ఎవరు చూశారో తెలిసే దారి లేదు. తమరి దగ్గర చిల్లరతో మొదలుపెట్టొచ్చు, నచ్చకపోతే మధ్యాహ్నానికల్లా ఆపెయ్యొచ్చు. షాపు చుట్టుపక్కల కొన్ని కిలోమీటర్లలో ఉన్నవాళ్లకే చూపించమంటే చూపిస్తారు. ఇప్పటికే నలుగురు కొని బాగుందన్న సరుకుకి బూస్ట్ పెడితే నిజంగానే ఫోన్లొస్తాయి. ఎవరికీ అక్కర్లేని సరుకుకి పెడితే, ఎవరికీ అక్కర్లేదన్న సంగతి మరింతమందికి తెలుస్తుంది. ఇది తమరి తప్పు కాదు.

కామెంట్ల గురించి ఎక్కువ చెప్పను. ఫోటో మీద ఇంత లావు అక్షరాలతో ధర రాసి ఉంటుంది, కింద "ధర ఎంత?" అని నలభైమంది. ధర చెప్పగానే నలభైమందీ మాయం. ధర దాచిపెట్టి "ఇన్‌బాక్స్ చూడండి" అని రాసే వ్యాపారులూ తక్కువ తినలేదు లెండి, కామెంట్లు పెరిగితే తమరికి ప్రీతి కలుగుతుందని ఎవరో చెప్పారట.

ఆ చెప్పే గురువులు ఇంకో కథ. ఇన్‌స్టాగ్రామ్‌లో 2020లో రీల్స్ వచ్చిన దగ్గర్నుంచి వాళ్లకి నిద్ర లేదు, మమ్మల్ని పడుకోనివ్వరు. మొదటి మూడు సెకన్లలో కట్టిపడెయ్యాలట. దాంతో జీవితంలో ఏనాడూ కెమెరా ముందు నవ్వని పెద్దమనిషి కూడా గాల్లోకి వేలు చూపిస్తూ, అక్కడ అక్షరాలు ప్రత్యక్షమయ్యేదాకా తల ఊపుతూ నిలబడాల్సొచ్చింది. ఆ మూడు సెకన్లకి ఘనమైన చరిత్రే ఉంది. వీడియోని జనం సగటున ఎంతసేపు చూస్తున్నారన్న లెక్క తప్పిందని 2016లో ఫేస్‌బుక్ ఒప్పుకుంది. మూడు సెకన్లలోపే పారిపోయినవాళ్లని లెక్కలోంచి తీసేసి, నిలబడినవాళ్లతోనే సగటు కట్టారట. నచ్చనివాళ్లని వదిలేసి లెక్కేస్తే నా షాపుకి వచ్చినవాళ్లలో కూడా నూటికి నూరుమంది కొన్నట్టే!

2021 అక్టోబర్ 4 తమరికి గుర్తుండే ఉంటుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ కలిసి దాదాపు ఆరుగంటల పాటు పడుకున్నాయి. ప్రకటన ఒకచోట, సరుకు ఫోటోలు రెండోచోట, ఆర్డర్లు మూడోచోట పెట్టుకుని, "అన్నీ ఒకేచోట పెట్టుకోలేదు" అని ధైర్యంగా ఉన్నవాళ్లకి ఆ రోజు తెలిసింది, మూడు తలుపులూ ఒకే ఇంటివని. ఖాతాదారుల ఫోన్ నంబర్లు విడిగా పుస్తకంలో రాసుకున్నవాళ్లు మాత్రం ఆ సాయంత్రం ఫోన్ చేసి ఆర్డర్లు తీసుకోగలిగారు.

తమరి మీద కూడా ఒక వసూలుదారు ఉన్నాడని తెలిశాక కాస్త మనసు కుదుటపడింది. 2024లో, మొదట అమెరికాలో, ఐఫోన్ యాప్‌లోంచి బూస్ట్ చేసేవాళ్ల మీద ఆపిల్ 30 శాతం రుసుము పడింది. తమరివాళ్లకి ఎంత బాధ కలిగిందో! మా సొంత జనం, మధ్యలో ఈ వసూలేమిటి అన్నంత పని చేశారు. మధ్యవాడు సుంకం వేస్తే ఎంత మండుతుందో తమరి నోట వినడం కమ్మగా ఉంది. చివరికి ఆ 30 శాతం కూడా వ్యాపారి బిల్లులోకే చేర్చి, వద్దనుకుంటే బ్రౌజర్లోంచి రండని దారి చూపించారు. ఆ మాత్రం దయ ఉంది.

అయినా తమరికి మేమంటే లెక్క లేదనుకోను. 2020 జులైలో వందలాది పెద్ద కంపెనీలు అలిగి ప్రకటనలు ఆపేశాయి. ఆ ఏడాది ఫేస్‌బుక్ ఆదాయం తగ్గలేదు సరికదా, పెరిగింది. ఎందుకంటే ఆ ఏడాదిలోనే అక్కడ ప్రకటనదారులు కోటిమంది దాటారు, ఎక్కువమంది చిన్నవాళ్లే. 2023లో మెటా (ఫేస్‌బుక్ కంపెనీ కొత్త పేరు) ఆదాయంలో దాదాపు 98 శాతం ప్రకటనల నుంచి వచ్చింది. కోట్లు పెట్టేవాడు అలగగలడు. రోజువారీ బడ్జెట్‌తో బతికేవాడికి అలిగే తీరిక ఉండదు, మర్నాడు పొద్దున్నే మళ్లీ పోస్టు పెట్టాలి కదా.

కాబట్టి నేనూ అలగడం లేదు. షరతులు మార్చుకుంటున్నాను, అంతే. ఇకమీదట షాపులో ఇప్పటికే అమ్ముడైన సరుకుకే తమరి సేవ వాడుకుంటాను, చుట్టుపక్కలవాళ్ల వరకే, వచ్చే ఫోన్లు లెక్కపెట్టుకుంటూ. లైకుల లెక్క తమరే ఉంచుకోండి. ఫోన్ చేసినవాళ్ల నంబర్లు నా పుస్తకంలో ఉంటాయి, అవి తమరికి చెప్పను. వీలైతే ఒక్క ఉపకారం చేసిపెట్టండి. లైకు కొట్టకుండా, కామెంట్ పెట్టకుండా ముఖం ముడుచుకుని చూసి వెళ్లిపోయిన ఆ మనిషున్నాడే, రెండో వారంలో వాడికి ఇంకోసారి చూపించండి.

ఇట్లు,
తమరి కోటిమందిలో ఒక అణాపైసల ప్రకటనదారు

తా.క.: బూస్ట్ ఆపినప్పుడల్లా "నిజంగానే ఆపాలనుకుంటున్నారా?" అని అడుగుతున్నారు. మొదలుపెట్టేటప్పుడు కూడా అలాగే అడిగి ఉంటే ఈ ఉత్తరం సగమే అయ్యేది.