మహారాజశ్రీ ‘వ్యక్తిగత కారణాలు’ గారికి

మహారాజశ్రీ ‘వ్యక్తిగత కారణాలు’ గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. కుశలమంతా తమరిదే లెండి. ఇవతలివాళ్లు కుశలంగా ఉంటే తమరితో పనే పడదు.

అమెరికాలో చాలా కంపెనీల హెచ్‌ఆర్ పోర్టల్లో, పని గంటలు తగ్గించమని అడిగే పేజీలో, ‘కారణం’ అనే గడిలో తమరు కొలువై ఉంటారు. పక్కనే ఉన్న ‘అనారోగ్యం’ నొక్కితే డాక్టరు కాగితం అడుగుతారు. ‘చదువు’ అంటే కాలేజీ ఉత్తరం చూపించమంటారు. తమరిని నొక్కితే మాత్రం ఎవరూ ఏమీ అడగరు. వారానికి 40 గంటలు కాస్తా 30 అయిపోతాయి, మేనేజరు ‘టేక్ కేర్’ అని ఒక మెయిల్ పడేస్తాడు, కథ కంచికి. ఇంత పరువుగల కారణం ఇంకోటి లేదు.

సైన్యంలో చేసి వచ్చినవాళ్లంటే తమరికి మరీ మక్కువ. నిద్ర పట్టదు, రద్దీలో ఊపిరాడదు, నెలలో మూడు రోజులు మంచం దిగబుద్ధి కాదు, టీమ్ లీడ్ మీద రెండుసార్లు అరిచి ఒకసారి వార్నింగు కూడా తీసుకున్నారు. ఇదంతా హెచ్‌ఆర్‌కి చెప్పుకోవడం ఎందుకని తమరిని ఆశ్రయిస్తారు. అమెరికా సైన్యంలోకి వెళ్లొచ్చిన తెలుగు పిల్లల దగ్గరైతే తమరికి ఆ మాత్రం శ్రమ కూడా లేదు. ‘మానసిక వైద్యం అని బయటపడితే నలుగురూ ఏమనుకుంటారు, సంబంధాలెలా వస్తాయి’ అనే భయం ఇంట్లో ముందే వండి వార్చి ఉంటుంది. తమరు విస్తరి ముందు కూర్చోవడమే తరువాయి.

తమరి ప్రతాపం తెలిసొచ్చేది తర్వాత, ఆ మనిషి వెటరన్ల (మాజీ సైనికుల) బాగోగులు చూసే ప్రభుత్వ శాఖ వీఏకి క్లెయిము పెట్టుకున్నప్పుడు. సర్వీసులో తగిలిన జబ్బు వల్ల బతుకుతెరువుకి సరిపడా ఉద్యోగం నిలబెట్టుకోలేకపోతున్నాను, వైకల్యానికి వేసిన రేటింగు 70 శాతమే అయినా 100 శాతం లెక్కన భత్యం ఇప్పించండి అని అడిగే దారి ఒకటుంది. దాన్ని టీడీఐయూ అంటారు. దాని ఫారం 21-8940. గత ఐదేళ్లలో ఎక్కడెక్కడ పనిచేశారు, వారానికి ఎన్ని గంటలు, జబ్బుతో ఎంత కాలం పోయింది, నెలకి గరిష్ఠంగా ఎంత వచ్చింది, అన్నీ అందులో రాయాలి. వెటరన్ ఒళ్లు దగ్గర పెట్టుకుని నింపుతాడు. కానీ వీఏ అతని మాటతో ఆగదు. పనిచేసిన కంపెనీకి 21-4192 అనే ఇంకో ఫారం పంపుతుంది. గత 12 నెలల్లో వైకల్యం వల్ల ఎంత సమయం పోయింది? వయసు వల్లో వైకల్యం వల్లో ఈ ఉద్యోగికి ఏమైనా వెసులుబాట్లు ఇచ్చారా? ఇవీ అందులో ప్రశ్నలు.

ఆ ఫారం వెళ్లి వాలేది మన మనిషి మొహం కూడా ఎరగని హెచ్‌ఆర్ గుమాస్తా బల్ల మీద. ఆమె ఫైలు తెరుస్తుంది. తమరు దర్శనమిస్తారు. వైకల్యం వల్ల పోయిన సమయం: లేదు. వెసులుబాట్లు: లేవు. గంటలు తగ్గించినది: ఉద్యోగి కోరిక మీద. ఆమెని అనడానికి ఏముంది, ఉన్నదే రాసింది. అవతల వీఏలో క్లెయిము తేల్చే రేటరు చేతిలో రెండు కాగితాలు పడతాయి. ఒకదాంట్లో ‘చేయలేకపోయాను’, రెండోదాంట్లో ‘తనంతట తనే మానుకున్నాడు’. రెండోదాని మీద కంపెనీ ముద్ర ఉంది.

తమరితో పాటు ఊరేగే ఒక పుకారు కూడా ఉంది, దాన్నీ పలకరించాలి. ‘గంటలు తగ్గించుకో, పర్సెంటేజీ పెరుగుతుంది’ అని. పెరగదు. మానసిక జబ్బుల రేటింగుకి 0, 10, 30, 50, 70, 100 అని మెట్లున్నాయి. 30కి, అప్పుడప్పుడు పనితీరు పడిపోవడం. 50కి, నమ్మకంగా, నిలకడగా పని చేయలేకపోవడం. 70కి, ఉద్యోగం, కుటుంబం, ఆలోచన, విచక్షణ, మనఃస్థితి వంటి చాలా వైపుల లోపం. 100కి, పనిలోనూ మనుషులతోనూ పూర్తిగా చితికిపోవడం. ఏ మెట్టు మీదా ‘వారానికి ఇన్ని గంటలు’ అన్న మాట లేదు. 40 గంటలు ఈడుస్తూ 70 శాతం రేటింగు ఉన్నవాళ్లున్నారు, 20 గంటలే చేస్తూ 30 దగ్గరే ఆగిపోయినవాళ్లూ ఉన్నారు. రేటరు చూసేది గంటలు ఎందుకు తగ్గాయన్నది. ఆ ‘ఎందుకు’ అన్నచోటే కదా తమరి సింహాసనం!

డబ్బు సంగతి చూద్దాం, తమరికి లెక్కలంటే గిట్టదని తెలిసినా. గంటకి 28 డాలర్ల మనిషి వారానికి పది గంటలు వదులుకుంటే ఏడాదికి 14,560 డాలర్లు, నెలకి సుమారు 1,213 పోయినట్టు. 2025 రేట్ల ప్రకారం ఒంటరి వెటరన్‌కి 50 శాతం మీద నెలకి 1,102.04 డాలర్లు, 70 మీద 1,759.19. అంటే 50 నుంచి 70కి ఎక్కినా అదనంగా వచ్చేది 657 డాలర్ల చిల్లర. పోయినదాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అదీ క్లెయిము గెలిస్తే. అదే లెక్కన 100 మీద 3,831.30 కాబట్టి అందరి చూపూ టీడీఐయూ మీదే. దానికి ఒకే జబ్బు అయితే 60 శాతం ఉండాలి, లేదా అన్నీ కలిపి 70 ఉండి అందులో ఒకటైనా 40 కావాలి. ఇది అందని కేసులకి వేరే దారి ఉంది గాని అది పెద్ద ప్రయాణం.

ఆ పైన ‘నామమాత్రపు ఉద్యోగం’ అనే గీత ఒకటి. ఏడాది సంపాదన ఒక మనిషికి సెన్సస్ బ్యూరో చెప్పే పేదరికపు గీత దాటకపోతే ఆ ఉద్యోగాన్ని టీడీఐయూకి అడ్డుగా లెక్కలోకి తీసుకోరు. ఇటీవలి ఏళ్లలో అది 15, 16 వేల డాలర్ల చుట్టుపక్కల ఉంది. మన 28 డాలర్ల మనిషి 30 గంటలు చేస్తే 43,680. 20 గంటలు చేసినా 29,120. గీతకి చాలా పైనే. వారానికి పది గంటలకి దిగితే గాని దాని కిందకి రాడు. కాబట్టి 40ని 30 చేసుకుని టీడీఐయూ వస్తుందని కూర్చున్నవాడు అటు జీతమూ ఇటు భత్యమూ లేక రెంటికి చెడ్డ రేవడి అవుతాడు.

ఒక్క మినహాయింపు ఉంది. గీత దాటినా సరే, ఆ ఉద్యోగం ‘రక్షిత వాతావరణం’లో నడుస్తోందని చూపించగలిగితే దాన్నీ నామమాత్రంగానే పరిగణించవచ్చు. రూలులో ఉదాహరణకి ఇచ్చినవి కుటుంబ వ్యాపారం, వికలాంగుల కోసం నడిపే వర్క్‌షాపు. అంతటితో అయిపోలేదని రూలే చెబుతుంది. ఇంకొకరికి ఇవ్వని వెసులుబాట్లు ఇస్తే తప్ప ఈ ఉద్యోగం నిలవదని వాదించవచ్చు. ఇలా వచ్చి అలా పోవడం, గొడవ పెట్టుకున్నా పట్టించుకోకపోవడం, క్లయింటు కాల్స్ నుంచి తప్పించడం లాంటివి. వాదనకి ఆ వెసులుబాట్లు కాగితం మీద ఉండాలి. తమరు నివాసమున్న ఫైల్లో అలాంటి కాగితం మొలవదు.

తమరి పక్కింట్లో తమరికంటే పనికొచ్చే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. పేరు ఎఫ్‌ఎమ్‌ఎల్‌ఏ, అంటే కుటుంబ, వైద్య సెలవుల చట్టం. 75 మైళ్ల లోపు 50 మంది ఉద్యోగులున్న కంపెనీలో 12 నెలలు పనిచేసి, గత ఏడాది 1,250 గంటలు పూర్తిచేసినవాళ్లకి ఆయన 12 వారాల సెలవిస్తాడు. జీతం ఉండదు, ఉద్యోగం మాత్రం భద్రం. చాలామంది అదంతా ఒకేసారి తీసుకోవాలనుకుంటారు. అక్కర్లేదు. వైద్యపరంగా అవసరమైతే ముక్కలు ముక్కలుగా తీసుకోవచ్చు. 12 వారాలంటే 480 గంటలు. వారానికి 8 గంటల చొప్పున వాడితే 60 వారాలు వస్తుంది, అంటే ఏడాది పొడుగునా 32 గంటల వారం. పది చొప్పున అయితే 48 వారాలు. ఈలోగా కంపెనీ ఆరోగ్య బీమా కొనసాగాలి. పెయిడ్ లీవు ముందు వాడించే హక్కు మాత్రం కంపెనీకి ఉంది, అది చూసుకోవాలి.

తమరి దారిలో శాశ్వతంగా గంటలు తగ్గించుకున్నవాడికి ఈ భద్రత లేదు. 30 గంటల కిందకి వెళితే చాలా చోట్ల బీమా ఊడుతుంది. 24 గంటలకి దిగితే 52 వారాలకి 1,248. ఎఫ్‌ఎమ్‌ఎల్‌ఏ గడపకి సరిగ్గా రెండు గంటలు తక్కువ! దీని వెనక తమరి హస్తం లేదంటే నమ్మబుద్ధి కావడం లేదు.

దీనికి డాక్టరు నింపాల్సిన కాగితం డబ్ల్యూహెచ్-380-ఇ. కంపెనీ అడిగాక కనీసం 15 రోజులు గడువివ్వాలి. వీఏ డాక్టరైనా, బయటి థెరపిస్టయినా నింపవచ్చు. అందులో చెడేది ఒక్కచోటే. ‘అవసరాన్ని బట్టి’ అని రాస్తే హెచ్‌ఆర్ తిప్పి పంపుతుంది. ‘వారానికి రెండుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల దాకా’ అని అంకెలు పడాలి. జబ్బు పేరు రాయకపోయినా చెల్లుతుంది. ఏ పని చేయలేకపోతున్నాడో రాయాలి. మేనేజరు నేరుగా డాక్టరుకి ఫోన్ చేయకూడదని రూలు. తమరు ఇన్నాళ్లూ ఊరిస్తున్న ఆ గోప్యత ఇక్కడ చట్టంతో సహా దొరుకుతుంది.

కంపెనీ చిన్నదైతే ఏడీఏ అనే వికలాంగుల హక్కుల చట్టం ఉంది. 15 మంది ఉద్యోగులుంటే చాలు. పార్ట్‌టైమ్, మార్చిన షెడ్యూలు రెండూ అందులో పేర్కొన్న సర్దుబాట్లే. మెయిల్ నాలుగు వాక్యాలు మించనక్కర్లేదు: వైద్య సమస్య వల్ల ఫలానా తేదీ నుంచి 40 గంటలు 30 చేయమని కోరుతున్నాను, ఇది ఏడీఏ కింద సర్దుబాటు అభ్యర్థన, డాక్టరు ఉత్తరం జతచేశాను, లిఖితపూర్వకంగా జవాబివ్వండి. వైద్య కాగితాలు మామూలు ఉద్యోగి ఫైల్లో కాకుండా విడిగా దాచాలి. రేపు 21-4192లో ‘వెసులుబాట్లు’ అన్న గడి దగ్గరికి వచ్చినప్పుడు ఆ గుమాస్తాకి రాయడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. మెయిల్ కాపీ ఇంటి మెయిలుకి పంపుకోవాలి, ఉద్యోగం పోయిన రోజున ఆఫీసు మెయిల్ తెరుచుకోదు.

ఫారాల్లోనే కాదు, తమరు నోట్లో కూడా కాపురముంటారు. క్లెయిము కోసం వీఏ చేయించే సీ అండ్ పీ వైద్య పరీక్షలో ‘గంటలు ఎందుకు తగ్గించారు’ అని అడిగితే, పరువుగల మనిషి ‘పిల్లలతో గడుపుదామని’ అంటాడు. పరీక్షకుడు ‘స్వచ్ఛందంగా పార్ట్‌టైమ్’ అని టైపు చేస్తాడు. పరీక్షకుడు నింపే డీబీక్యూ అనే ఫారంలో పని, సామాజిక జీవితం ఎంత దెబ్బతిన్నాయో చెప్పే ఏడు గడులుంటాయి, టిక్ పడేది ఒక్కదాంట్లోనే. అక్కడ చెప్పాల్సింది గంటలు తగ్గకముందు ఏం జరిగిందన్నది. ఎన్ని రోజులు ఆఫీసుకి వెళ్లలేకపోయారు, ఏ తప్పులు పడ్డాయి, ఎవరు వార్నింగు ఇచ్చారు, తగ్గించాక కూడా ఏది మిగిలిపోయింది. పెంచి చెప్పనక్కర్లేదు, హాజరు పట్టీ, వార్నింగు మెయిలు, వరసగా మూడేళ్ల డబ్ల్యూ-2లు (కంపెనీ ఏటా ఇచ్చే జీతం కాగితాలు) చాలు. ఆ డబ్ల్యూ-2ల్లో సంపాదన పడిపోయిన సంవత్సరం ఎవరూ చెప్పకుండానే కనబడుతుంది.

థెరపీ నోట్సులోనూ తమరి జాడలుంటాయి. ‘పార్ట్‌టైమ్ పని, బాగానే ఉన్నారు’ అని ఒక్క వాక్యం. రేటరు దాన్ని ఎర్ర పెన్నుతో చదువుతాడు. గంటలు తగ్గించే వారంలోనే థెరపిస్టుకి కారణం చెప్పి, నోట్సులో రాయమని అడిగితే ఆ వాక్యం వేరేలా ఉంటుంది.

ఇప్పటికే తమరిని నొక్కేసినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు రికార్డుని దిద్దమంటే హెచ్‌ఆర్ దిద్దదు. కానీ అప్పటి సూపర్‌వైజరో, పక్క సీటువాడో 21-10210 అనే సాక్షి వాంగ్మూలం ఫారంలో చూసింది రాయవచ్చు. ‘మంచివాడు, కష్టపడతాడు’ అన్న సర్టిఫికెట్టు పనికిరాదు. ‘మార్చి నుంచి సోమవారాలు రావడం మానేశాడు, అలారం మోగితే మెట్ల కింద కూర్చున్నాడు, అతని షిఫ్టులు నేను చేశాను’ అన్నట్టు ఉండాలి. భార్యో భర్తో ఇంట్లో చూసింది విడిగా రాయాలి. డాక్టరు వెనక్కి తిరిగి చూసి, ఆ తేదీన గంటలు తగ్గడానికి ఈ జబ్బే కారణమై ఉండే అవకాశం కనీసం సగం ఉందని, ఎందుకో రెండు వాక్యాల్లో చెప్పి సంతకం పెడితే తమరికి మొదటిసారి పోటీ వస్తుంది. కాగితాలు పోగయ్యేదాకా ఆగకుండా క్లెయిము పెట్టబోతున్నానని చెప్పే 21-0966 ఫారం ముందే పంపితే ఆ తేదీ ఏడాదిపాటు నిలిచి ఉంటుంది. గుర్తింపు పొందిన వెటరన్ సర్వీస్ ఆఫీసర్లు ఈ పనంతా ఉచితంగా చేస్తారు. మొదటి క్లెయిముకే కమీషను అడిగేవాళ్ల ఫోను పెట్టేయవచ్చు.

ఇక తమరి పునరావాసం గురించి. పోర్టల్ నుంచి తమరిని తీసేయమని ఎవరూ అడగడం లేదు. బావమరిది పెళ్లికి ఇండియా వెళ్లేవాళ్ల సెలవు పేజీలో తమరి అవసరం చాలా ఉంది. జనవరిలో, సంక్రాంతి ముందు, అక్కడ పని తెమలదు కూడా. దయచేసి అటు బదిలీ చేయించుకోండి.

ఇట్లు,
తమరు కొలువున్న ఫైళ్లు రోజూ తెరిచి చదివేవాళ్లు

తా.క.: ఇది చదువుతున్న వెటరన్‌కి ఈ రాత్రి గడవడమే కష్టంగా ఉంటే ఫారాలన్నీ పక్కన పెట్టి 988కి ఫోన్ చేసి 1 నొక్కాలి. 838255కి మెసేజీ పెట్టినా పలుకుతారు. వాళ్లకి ఫారం నింపనక్కర్లేదు, కారణం ఏదైనా వింటారు.