పోస్టర్ కింద చిన్నక్షరాల్లో ఉన్నోళ్ళ సంగతేంటి?

ఇండీ బ్యాండ్ (సినిమాలకి కాకుండా సొంత పాటలు చేసుకునే బృందం) ఆల్బమ్ రిలీజ్ షో పోస్టర్ ఏదైనా తీసుకోండి, బ్యాండ్ పేరు సగం పోస్టర్ ఉంటుంది, అట్టడుగున "విత్ లోకల్ టాలెంట్" అని ఒక లైను, ఒక్కోసారి ఆ లోకల్ టాలెంట్‌కి పేర్లు కూడా ఉండవు. హైదరాబాద్‌లో ఇది పెద్ద విషయం కాదేమో, ఈ వారం ఛాన్స్ పోతే వచ్చే వారం ఇంకో కేఫ్ ఉంటుంది. కాకినాడ, భీమవరం, అమలాపురం లాంటి చోట్ల సొంత పాటలు పాడుకునే షో పడటమే అరుదు. అందుకే ఇక్కడ రిలీజ్ షో హిట్టా ఫట్టా అనేది మెయిన్ బ్యాండ్ కన్నా ముందు పాడిన లోకల్ కుర్రాళ్ళని ఎలా చూశారన్న దాన్ని బట్టి చెప్పాలంటాను నేను.

అసలు గోదారి జిల్లాల్లో వాయించేవాళ్ళకి కరువా చెప్పండి. బాలమురళీకృష్ణ గారు పుట్టిన శంకరగుప్తం రాజోలు పక్కనే, కాకినాడలో సరస్వతీ గానసభ తరాలుగా కచేరీలు పెడుతోంది, అవన్నీ గొప్పలు చెప్పుకోడానికి బాగుంటాయి గానీ నేను చెప్పేది ఇప్పటి వాళ్ళ గురించి. శనివారం రాత్రి పెళ్ళిలో ఆర్కెస్ట్రాకి ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్స్ వాయించి, ఆదివారం పొద్దున్నే చర్చిలో డ్రమ్స్ ముందు కూర్చునే కుర్రాళ్ళు కోనసీమలో ఊరూరా ఉన్నారు. కీబోర్డ్ వాళ్ళూ అంతే, ఏ స్కేల్ అడిగితే ఆ స్కేల్లో అప్పటికప్పుడు అందుకుంటారు, ఆ ప్రాక్టీస్ సిటీ బ్యాండ్లకి కూడా ఉండదు. జాతరలో గరగలు (అలంకరించిన అమ్మవారి కుండలు) ఎత్తుకుని ఆడేవాళ్ళ వెనక డప్పు కొట్టేవాళ్ళు, వీరనాట్యం వాళ్ళు సరేసరి.

ఇక "మనోళ్ళు సినిమా పాట తప్ప వినరండీ" అనే మాట నేను నమ్మను. క్రిస్మస్ ముందు ఎన్ని కొత్త క్రైస్తవ పాటలు యూట్యూబ్‌లోకి వస్తాయో, మాలలు వేసే సీజన్లో ఎన్ని అయ్యప్ప పాటలొస్తాయో చూడండి. సొంత ట్యూను, సొంత ఖర్చు, సొంత ఛానెల్. ఇండిపెండెంట్ అంటే ఇదే కదా మరి! వాటికి ఆ పేరు పెట్టలేదంతే.

మరి ఇంతమంది ఉండి కూడా రిలీజ్ షోలో లోకల్ వాళ్ళు ఎందుకు తేలిపోతారు? చాలాసార్లు కారణం పాట కాదు, సౌండ్ చెక్, అంటే షోకి ముందు మైకులూ వాయిద్యాలూ సరిచూసుకోవడం. మెయిన్ బ్యాండ్ వాళ్ళ సౌండ్ చెక్ మధ్యాహ్నం మొదలై గేట్లు తీసేదాకా సాగుతుంది, లోకల్ వాళ్ళకి టైమే మిగలదు, పైగా మా డ్రమ్ కిట్ ముట్టుకోవద్దు, మా ఆంప్ (గిటార్ స్పీకర్ పెట్టె) కదపొద్దు అని రూల్స్. మిక్సర్ దగ్గరున్నాయనకి ఆర్కెస్ట్రా అలవాటు కాబట్టి మైకు మీద ఎకో బాగా పెంచేస్తాడు, స్టేజ్ మీద పాడేవాళ్ళ వైపు పెట్టే మానిటర్ స్పీకర్లో వాళ్ళ గొంతు వాళ్ళకే వినపడదు, శ్రుతి పోతుంది, జనం ఫోన్లు తీస్తారు, ఇంటికెళ్ళాక "మనోళ్ళు తేలిపోయారు" అంటారు. ఒక్క పావుగంట సౌండ్ చెక్ ఇచ్చి కిట్ పంచుకుంటే అయిపోయేదానికి ఆ పిల్లల పేరు పోతుంది.

తర్వాత టైము. ఓపెన్ గ్రౌండ్‌లో రాత్రి పదింటికి మైకు ఆపాలి, 2000లో వచ్చిన శబ్ద కాలుష్యం రూల్స్ అవి. ఏడింటికని వేసి ఎనిమిదిన్నరకి మొదలెడితే కోత పడేది ఎవరికి? లోకల్ వాళ్ళకే, నాలుగు పాటలు అనుకున్నది రెండైపోతుంది. శాలువాలకి మాత్రం కోత ఉండదు! రియల్ ఎస్టేట్ ఆయన, రొయ్యల ఫీడ్ ఆయన, చీరల షాపు ఆయన వరసగా స్టేజ్ ఎక్కాలి, తలా రెండు ముక్కలు మాట్లాడాలి, మధ్యలో స్పాన్సర్ గారబ్బాయి ర్యాప్. స్పాన్సర్లు లేకపోతే షో లేదు, ఒప్పుకుంటాను, కానీ ఆ సన్మానాలన్నీ ఇంటర్వెల్‌లో ఐదు నిమిషాల్లో కానిచ్చేస్తే ఎవరి పరువూ పోదు.

డబ్బు సంగతి ఇంకా మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. స్పాటిఫైలో ఒక పాటకి పన్నెండు నెలల్లో 1,000 స్ట్రీమ్స్ దాటకపోతే రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకే రాదు, ఈ రూల్ 2024 నుంచి ఉంది. దాటినా వచ్చేది టీ ఖర్చులకే. అంటే కొత్త బ్యాండ్ చేతిలో డబ్బు కనపడేది షో దగ్గరే. టికెట్ 500 దాకా అయితే దాని మీద జీఎస్టీ లేదు కాబట్టి మా వైపు రెండొందలో మూడొందలో పెడితే చాలు. మరి ఆ టికెట్లు కొనేదెవరు? బయట నుంచి వచ్చిన బ్యాండ్‌ని చూసి కొనేవాళ్ళు ముందు రెండు వరసలు, మిగతా హాలు నింపేది లోకల్ కుర్రాళ్ళ ఫ్రెండ్సు, కాలేజీ బ్యాచ్, బావమరుదులు, అత్తయ్యలు. వాళ్ళని తెచ్చినవాడికి "ఎక్స్‌పోజర్ వస్తుంది తమ్ముడూ" అని చెప్పి బిర్యానీ పొట్లం ఇచ్చి పంపడం ఏం న్యాయం? చిన్న మొత్తమైనా సరే ముందే మాట్లాడి, స్టేజ్ దిగగానే ఇవ్వాలి.

ఇంకోటి, జనం వేడెక్కుతారని లోకల్ వాళ్ళతో సినిమా పాటలు పాడిస్తారు. పెళ్ళి ఊరేగింపులో పాడుకోడానికి కాపీరైట్ చట్టం మినహాయింపు ఇచ్చింది గానీ టికెట్ పెట్టిన షోకి అది వర్తించదు, లైసెన్స్ తీసుకోవాలి. అదలా ఉంచితే, వాళ్ళు రోజూ చేసే ఆర్కెస్ట్రా పనే మళ్ళీ చేయించడానికి రిలీజ్ షో ఎందుకండీ? సొంతవి రెండు పాటలుంటే ఆ రెండే పాడనివ్వండి.

కొత్తోళ్ళు బాలేకపోతే షో పోతుంది కదా అంటారు. పోవచ్చు. అందుకని ఆరుగుర్ని పిలవకుండా ఇద్దర్నే పిలవాలి, ముందే ఒకసారి కూర్చుని వినాలి. లోకల్ వాళ్ళూ తక్కువేం కాదు, రమ్మన్న టైముకి రారు, దిగమన్నాక ఇంకో పాట అంటారు, అది మానుకోవాలి.

డేట్ దగ్గర కూడా ఆలోచించాలి. డిసెంబర్లో చర్చి వాళ్ళు దొరకరు, సంక్రాంతికి ఆర్కెస్ట్రా వాళ్ళు దొరకరు, కనుమ రోజు ప్రభల తీర్థం వదిలేసి కోనసీమలో మీ షోకి ఎవడూ రాడు, మాఘం నుంచి పెళ్ళిళ్ళు. ఆషాఢంలో పెట్టుకోండి. ముహూర్తాలుండవు, వాయించేవాళ్ళు ఖాళీ, సౌండ్ సిస్టమ్ ఆయన కూడా బేరానికి వస్తాడు. వానలంటారా, గ్రౌండ్ మానేసి కాకినాడ సూర్యకళా మందిరమో రాజమండ్రి ఆనం కళాకేంద్రమో అడగండి, అంత పెద్దది అక్కర్లేదంటే ఆ నెల్లో ఖాళీగా ఉండే కళ్యాణ మండపాలు బోలెడు.