కాళ్లకు అడ్డం వచ్చిన కేబుల్

పీకేసింది. మా మేనత్త నా నెట్ కేబుల్ పీకేసింది.

హాల్లో ఉన్న రూటరు నుంచి నా గదిలో ప్లేస్టేషన్ దాకా గోడ అంచు వెంట 12 మీటర్ల కేబుల్ వేసుకున్నాను. ఎవరికీ తగలకుండా, ఎవరి జోలికీ పోకుండా ఏడాదిన్నరగా అక్కడే పడి ఉంది పాపం. "కాళ్లకు అడ్డం వస్తోంది నాయనా, చుట్టి పక్కన పెట్టాను" అంది. చక్కగా చుట్టింది కూడా. దీపానికి వత్తులు చేసినంత శ్రద్ధగా చుట్టి, పైన రబ్బరు బ్యాండు వేసి, దేవుడి అలమరలో పెట్టింది.

ఆ సమయంలో నేను ఏం చేస్తున్నానో ఆటలు ఆడేవాళ్లకు మాత్రమే అర్థమవుతుంది. స్ట్రీట్ ఫైటర్ 6, ఇద్దరు ఎదురెదురుగా తన్నుకునే ఆట. గోల్డ్ ర్యాంకులో ఆఖరి మెట్టు. ఇంకొక్క గెలుపుతో ప్లాటినం. నా పాత్ర ర్యూ, ఎదుటివాడిది కెన్. మొదటి రౌండు నాది. రెండో రౌండులో వాడికి మిగిలిన ప్రాణం చిటికెడు. ఇంకొక్క తన్ను తగిలితే చాలు. తన్నడానికి బటన్ మీద వేలు పెట్టాను, తెర బిగుసుకుపోయింది. కనెక్షన్ తెగిపోయిందని ఒక ముక్క కనిపించింది. అంతే, కథ ముగిసింది.

పాయింట్లు పోతే పోనీ, అవి మళ్లీ వస్తాయి. నా బాధ వేరు. ఆ కెన్ ఆటగాడు ఇప్పుడు నన్ను ఏమనుకుంటున్నాడు? ఓడిపోతామని తెలియగానే తీగ లాగి పారిపోయే జాతి ఒకటి ఈ ఆటలో ఉంది. వాళ్లను ఇక్కడే నా పోస్టుల్లో నేను ఎన్నిసార్లు తిట్టానో మీకు తెలుసు. ఈరోజు ఆ జాబితాలో నా పేరు చేరింది. "నువ్వు గెలుస్తున్నావు కదా, గెలిచేవాడు తీగ ఎందుకు లాగుతాడు, కరెంటు పోయిందనుకుంటాడులే" అని మా ఆవిడ ఓదార్చింది. అవతల నేనే ఉంటే అలా అనుకుంటానా? అనుకోను. తిడతాను. వాడూ తిట్టే ఉంటాడు.

కేబుల్ ఎందుకు, వైఫై ఉంది కదా అని ఇంటికొచ్చిన ఏడుగురు చుట్టాలూ ఏడుసార్లు అడిగారు. ఈ ఆటలో ఒక సెకనుకు 60 ఫ్రేములు, అంటే తెర మీది చిత్రం 60 సార్లు మారుతుంది. నా ర్యూ విసిరే చిన్న పంచ్ నాలుగో ఫ్రేముకల్లా తగులుతుంది. ఆవులింతకు నోరు తెరవడం కూడా అంత త్వరగా కాదు. ఇక ఇంటర్నెట్‌లో ఆడేటప్పుడు అవతలివాడు నొక్కిన బటన్ మనదాకా వచ్చేలోపు ఆట ఆగి కూర్చోదు, వాడు ఏం నొక్కి ఉంటాడో ఊహించి ముందుకు సాగిపోతుంది. ఊహ తప్పితే కొన్ని ఫ్రేములు వెనక్కి వెళ్లి సరిదిద్దుకుంటుంది. దీన్నే రోల్‌బ్యాక్ అంటారు. ఆలస్యం మరీ ఎక్కువ కాకుండా ఒకే తీరుగా ఉంటే ఇది గొప్పగా పనిచేస్తుంది. వైఫైలో ఆ నిలకడే ఉండదు. ఒక క్షణం బాగుంటుంది, మరుక్షణం ఎదుటివాడు ఉన్నచోటు నుంచి మాయమై మన నెత్తిమీద తేలతాడు. అందులోనూ ఇప్పుడు మా ఇంట్లో వైఫై పరిస్థితి చూడాలి. ఏడుగురు అతిథులు, ఏడు ఫోన్లు, డాబా మీద నుంచి "ఇదిగో చూడు, కొండ కనిపిస్తోంది" అని హైదరాబాద్‌లో ఉన్న సగం బంధువులకు వీడియో కాల్స్. ఆ శేషాచలం కొండలు ఎక్కడికీ పోవు, వాటికి ఏ తొందరా లేదు. నాకుంది.

మా నెట్ కనెక్షన్ ఇచ్చినవాడి గురించి ఇంకో పోస్టు రాస్తాను. వాడు ఒక పోస్టుకు సరిపోడు, ధారావాహిక పెట్టాలి.

తర్వాత మా బావ వచ్చాడు. నేను తల పట్టుకుని కూర్చుంటే భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి, "ఎంత పోయిందయ్యా?" అన్నాడు. డబ్బు! ఆయన దృష్టిలో ఫోనులోనో టీవీలోనో ఆడేది ఏదైనా రమ్మీయే. "ప్రభుత్వం వీటిని నిషేధించింది కదా?" అని పైగా పరామర్శ. అయ్యా బావగారూ, 2025లో వచ్చిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, అంటే పోటీలుగా ఆడే వీడియో గేములను, ప్రోత్సహించాలని కూడా చెప్పింది. రెండో సగం ఎవరూ చదవరు. "సరేలే, అయినా ఈ వయసులో ఏమిటయ్యా పిల్లల ఆటలు" అన్నాడు. నాకు 34. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో, 2023 సెప్టెంబరులో, స్ట్రీట్ ఫైటర్‌లో బంగారు పతకం కొట్టిన కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్‌ఊకు అప్పుడు 44 ఏళ్లు. ఆ పోటీల్లో మన దేశం తరఫున కూడా ఇద్దరు ఆడారు. ఇదంతా బావకు చెబితే, "కొరియా వాళ్ల సంగతి వేరు" అన్నాడు. లాహోర్ వాళ్ల సంగతో? అర్స్‌లాన్ ఆష్ అనే కుర్రాడు 2019లో లాహోర్ నుంచి వెళ్లి టెక్కెన్ అనే ఇంకో కొట్లాట ఆటలో ఎవో జపాన్ అనే పెద్ద పోటీ గెలిచి, అదే ఏడాది లాస్ వేగాస్‌లో అసలు ఎవో కూడా గెలిచాడు. అంతకుముందు అతడి పేరు విన్నవాళ్లు తక్కువ. గెలిచాక, మా దేశంలో ఇంకా గట్టివాళ్లు ఉన్నారని చెప్పాడు. ఆటకు పేరున్న చోట పుట్టకపోతే ఏదీ రాదనేవాళ్లకు ఇది వినిపించాలి. మా బావకు వినిపించి లాభం లేదు, ఆయన అప్పటికే టీవీ పెట్టేశాడు.

ఆఖరి దెబ్బ వాళ్ల అబ్బాయిది. ఇంటర్ మొదటి ఏడాది. "మామయ్యా, నేనూ ఒకటి ఆడతాను" అన్నాడు. సరే అన్నాను. హోండా అనే పాత్రను తీసుకున్నాడు. అది సుమో మల్లుడు. తలతో దూసుకురావడం, మళ్లీ తలతో దూసుకురావడం, మధ్యలో చేతికందిన బటన్లన్నీ నొక్కడం. నన్ను ఓడించాడు. అవును, రాస్తున్నాను, చదువుకోండి. మూడేళ్లుగా ఆడుతున్న నన్ను పావుగంట ముందు కంట్రోలర్ పట్టుకున్న పిల్లవాడు ఓడించాడు. ఓడించి, కంట్రోలర్ సోఫా మీద పడేసి, "ఇందులో ఏముంది మామయ్యా, బటన్లు నొక్కడమే కదా" అని వెళ్లిపోయాడు. రెండో ఆట ఆడలేదు! గెలిచి లేచిపోయేవాడికీ, ఓడి తీగ లాగేవాడికీ పెద్ద తేడా ఏమీ లేదని నా అభిప్రాయం.

ఎందుకు ఓడానో నాకు తెలుసు. తెలివైనవాడు ఏం చేస్తాడో ఊహించి నేను ఆడుతున్నాను. వాడు తెలివైనవాడు చేసే పని ఒక్కటీ చెయ్యలేదు. ఆ తల దెబ్బను నిలబడి కాచుకుని, అది ఆగగానే తిరిగి కొడితే సరిపోయేది. కాచుకోవడానికి నాకు నామోషీ వచ్చింది.

కాచుకోవడం. ఇది నేర్చుకోకుండానే అందరికీ కాంబోలు, అంటే ఒకదాని వెంట ఒకటి పడే గొలుసు దెబ్బలు, కావాలి. పోయిన నెల ఈ ఆట గురించి ఒక్క ముక్క రాశాను, అప్పటి నుంచి ఇన్‌బాక్స్ నిండిపోయింది. అన్నా, అన్నిటికంటే బలమైన పాత్ర ఏది? అన్నా, ఏ కంట్రోలర్ కొనాలి? అన్నా, పది దెబ్బల కాంబో ఎలా వెయ్యాలి? ఒక్కడంటే ఒక్కడు "ఎగిరి వచ్చేవాణ్ణి ఎలా ఆపాలి" అని అడగలేదు. కింది ర్యాంకుల్లో ఆట అంతా అదే నాయనా! ఐరన్‌లో, బ్రాంజ్‌లో, సిల్వర్‌లో ఎదుటివాడు కప్పలా ఎగురుతూనే ఉంటాడు. ర్యూతో కింద కూర్చుని పెద్ద పంచ్ ఒకటి పైకి విసరండి, చాలు. అది కుదిరాక షోర్యూకెన్ అనే ఎగురు పంచ్: ముందుకు, కిందకు, ఆ రెంటి మధ్య మూలకు, పంచ్. రెండు వారాల పాటు నేను ట్రైనింగ్ మోడ్‌లో ఇదొక్కటే చేశాను. ఎదుటి బొమ్మను ఎగరమని పెట్టడం, ఎగిరినప్పుడల్లా దించడం. బొటనవేలి చర్మం ఊడింది. మా ఆవిడ వెన్న రాసింది.

పాత్ర ఏదైనా ఒకటే. ఒకదాన్ని పట్టుకుని వదలకండి. వారానికో పాత్ర మార్చేవాడు పది బావులు తవ్వుతాడు, ఒక్కదాంట్లోనూ నీళ్లు చూడడు. ఇక మోడరన్ కంట్రోల్స్ అనే తేలిక బటన్ల పద్ధతితో ఆడేవాళ్లను వెక్కిరించే పెద్దమనుషులకు ఒక మాట: ఒక్క బటన్‌తో పెద్ద దెబ్బ పడుతుంది, నిజమే. అలా నొక్కిన దెబ్బకు బలం 20 శాతం తగ్గించారు కూడా. లెక్క సరిపోయింది కదా, ఇక ఏడుపు ఎందుకు? నేను పాత పద్ధతిలోనే ఆడతాను. అది నా మొండితనం, గొప్పతనం కాదు.

డ్రైవ్ ఇంపాక్ట్ అనే దెబ్బ ఒకటుంది. రంగు చిమ్ముకుంటూ మీదికొస్తుంది. అది తగలడానికి 26 ఫ్రేములు, అంటే అర సెకను కంటే తక్కువ. చూడగానే మనమూ అదే నొక్కితే వాడిదే బెడిసికొడుతుంది. మొదటి రెండు నెలలు నేను దాన్ని చూసేవాణ్ణి, గుర్తుపట్టేవాణ్ణి, తిని పడిపోయేవాణ్ణి. కళ్లకు తెలుసు, చేతికి తెలియదు. ట్రైనింగ్‌లో బొమ్మ దాన్ని ఎప్పుడు వేస్తుందో నాకు తెలియకుండా పెట్టి, రోజుకు పది నిమిషాలు కూర్చుంటే మూడో నెలకు చెయ్యి దానంతట అదే కదిలింది. ఆరోజు ఎంత ఆనందమేసిందో, చెప్పుకుందామంటే ఇంట్లో వినేవాడు లేడు.

ఓడిన ఆటలు చూసుకోండి. ఆటే రికార్డు చేసి దాచిపెడుతుంది. చాలామంది చూడరు, ఎందుకంటే అది మన పెళ్లి వీడియోలో మన డాన్సు మనం చూసుకున్నట్టు ఉంటుంది. నేను ఓడిన 20 ఆటలు వరుసగా చూస్తే తేలింది ఏమిటంటే, కిందపడి లేచిన ప్రతిసారీ ఆత్రంగా ఏదో ఒకటి నొక్కుతున్నాను. ప్రతిసారీ! ఎదుటివాడికి అది తెలుసు, ఊరందరికీ తెలుసు, నాకొక్కడికే తెలియదు.

మా తిరుపతిలో ఈ ర్యాంకులు ఎక్కడాన్ని వివరించడం తేలిక. అలిపిరి నుంచి 3550 మెట్లు. మొదట్లో నిట్టనిలువుగా ఉండి ప్రాణం తీస్తాయి. గాలిగోపురం దాటాక దారి చదునవుతుంది, ఇక మనంతటివాడు లేడనుకుంటాం. అప్పుడొస్తుంది మోకాళ్ల పర్వతం. గోల్డ్ నుంచి ప్లాటినం నాకు అదే. అక్కడ కూర్చుని కాళ్లు పిసుక్కోవచ్చు గానీ, కారు పిలిచి ఎక్కించుకోవడానికి వీల్లేదు.

మా వాళ్లకు మాత్రం కారు కావాలి. కారు ఒక్కటే కాదు, దర్శనానికి సిఫార్సు లేఖ కూడా కావాలి. ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. తిరుపతిలో ఇల్లున్న ప్రతివాడికీ ఈ నొప్పి తెలుసు. మన ఇల్లు ఇల్లు కాదు, అద్దె లేని సత్రం. "ఏరా, ఎలా ఉన్నావు" అని ఫోను రాగానే మన గుండె జారుతుంది, తర్వాతి వాక్యం ఏమిటో తెలుసు కనుక. "మీకు కొండ మీద ఎవరో ఒకరు తెలిసే ఉంటారు కదా?" తెలియదండీ. నేను రేణిగుంటలో షిఫ్టు డ్యూటీ చేసుకునేవాణ్ణి. ఇక్కడ పుట్టినంత మాత్రాన స్వామివారు మా పక్కింటివారు కారు. నేనే 300 రూపాయల టికెట్ కోసం విడుదల రోజున ఫోను పట్టుకుని మీలాగే తిప్పలు పడతాను. చెబితే నమ్మరు. "చెయ్యాలని ఉంటే చేస్తాడు" అని వెనక అనుకుంటారు. ఈ మాట అన్నది ఎవరో కూడా నాకు తెలుసు. ఇప్పుడు హాల్లో టీవీ చూస్తున్నారు.

నాలుగేళ్ల కిందట నాన్నకు గుండె ఆపరేషన్ అయినప్పుడు ఈ ఏడుగురిలో ఒక్కరూ రాలేదు. రానక్కర్లేదు, ఒక్క ఫోను చెయ్యలేదు. అదే నాన్న నిన్న రాత్రి తన మంచం బావకు ఇచ్చి, డాబా మీద చాప వేసుకుని పడుకున్నాడు. "వాళ్లు రెండు రోజులే కదరా ఉంటారు" అన్నాడు. దోమలు కుట్టిన చేతులు ఈ ఉదయం చూశాను. నేను ఒక్క మాటా అనలేదు. అత్తయ్యకు కాఫీ తీసుకెళ్లి ఇచ్చాను. సాయంత్రం కేబుల్ పీకేసినప్పుడు మాత్రం గొంతు లేచింది. అందరూ బిత్తరపోయారు. "ఒక్క తీగ కోసం ఇంత కోపమా?" అన్నారు. నాన్న నన్నే బయటికి వెళ్లి నడిచి రమ్మన్నాడు. కపిలతీర్థం దాకా వెళ్లి వచ్చి ఇది రాస్తున్నాను.

ఆ కెన్ ఆటగాడు తెలుగువాడై, ఏ పుణ్యాన్నో ఇది చదువుతుంటే: తీగ నేను లాగలేదు. నీ ప్రాణం చిటికెడే మిగిలింది, నీకూ తెలుసు. రేపు సాయంత్రం వీళ్లకు రైలుంది. రాత్రి పది తర్వాత దొరుకుతాను, పది ఆటలైనా ఆడదాం, గెలిచినా ఓడినా లేచిపోను. ఆట గురించి ఏమైనా అడుగు, చెబుతాను. దర్శనం టికెట్ల మాట ఎత్తావో, ఈసారి కేబుల్ నేనే పీకుతాను.