టమాటా మడి నుంచి సూడోమోనాస్ గారికి

మహారాజశ్రీ సూడోమోనాస్ సిరింగే గారికి,

న్యూజెర్సీ నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అందామంటే మనసు రావడం లేదు. మొక్కలకి తెగులు తెచ్చే బ్యాక్టీరియా అయిన తమరు కులాసాగా ఉన్నారని మా టమాటా ఆకులు చూస్తేనే తెలుస్తోంది. ఆవగింజంత నల్లమచ్చ, దాని చుట్టూ పసుపు వలయం, ఒక్కో ఆకు మీద పాతిక ముప్ఫై. శనివారం మధ్యాహ్నమంతా మోకాళ్ళ మీద కూర్చుని ఆ ఆకులు తుంచాను. ఆదివారం పొద్దున చూస్తే పై కొమ్మల్లో కూడా తమరే.

మంచు పోకముందే బేస్‌మెంట్‌లో లైట్లు పెట్టి మొలిపించిన మొక్కలండీ ఇవి. పిల్ల స్కూలు ప్రాజెక్టుకి కూడా ఇంత శ్రద్ధ పెట్టలేదని మా ఆయన ఇప్పటికీ దెప్పుతారు. నిరుడు నేను దాచిన విత్తనాల మీదే తమరు వచ్చి ఉండొచ్చని ల్యాబ్ వాళ్ళు అన్నారు. సరే, నా తప్పే. సాయంత్రాలు పైపుతో ఆకుల మీద నీళ్ళు కొట్టిందీ నేనే, ఆ తుంపర్ల మీద తమరు మొక్క మొక్కకీ షికారు చేశారు. ముసురు తమకి కలిసొచ్చింది. రాగి మందు కొడితే, తమలో చాలామందికి అది అలవాటైపోయిందట. పోనీండి, ఇవన్నీ వదిలేస్తాను.

కొరొనటిన్ సంగతి మాత్రం వదలను.

ఆకుకి గాలి పీల్చుకునే సన్నని రంధ్రాలుంటాయి. తమలాంటివాళ్ళు గుమ్మంలో కనబడగానే, గంటా రెండు గంటల్లో ఆకు ఆ తలుపులు మూసేసుకుంటుంది. ఇంత తెలివి దానికి ఉందని నాకు ఇప్పుడే తెలిసింది. తమరు తలుపు బద్దలు కొట్టరు. కొరొనటిన్ అనే విషం వదిలి ఊరుకుంటారు. ఇంకాసేపటికి ఆకే తలుపు తీస్తుంది! 2006లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు తమ గుట్టు రట్టు చేశారు.

పురుగు కొరికితే మొక్క తనలో తాను పెట్టే కేక ఒకటుంది, జాస్మోనేట్ అంటారు. మల్లెజాతి పూల నూనెలో దొరికింది కాబట్టి ఆ పేరు. తమ కొరొనటిన్ అచ్చం ఆ కేకే. అది వినగానే మొక్క "అమ్మో, గొంగళిపురుగు!" అని అటు పరిగెడుతుంది. తమలాంటివాళ్ళని తరమాల్సిన శాలిసిలిక్ ఆమ్లం, అదే మన ఆస్పిరిన్‌కి చుట్టం, మూల కూర్చుంటుంది. గొంగళిపురుగు లేదు, దాని గుడ్డూ లేదు. ఆ పసుపు వలయం కూడా ఈ విషం చలవే.

"సార్, మీ అకౌంట్ ప్రమాదంలో ఉంది" అని మా నాన్నగారిని కంగారుపెట్టి, ఆయన నోటితోనే ఓటీపీ చెప్పించుకున్నవాడిదీ ఇదే పద్ధతి. సిగ్గులేదట్రా నీకు? ఆకలైతే తిను. కన్నం వేసి దొంగతనం చెయ్యి, అదో రకం. ఇంటిమనిషి గొంతుతో పిలిచి, వాళ్ళ చేతే గడియ తీయిస్తావా? పెద్దాయన నెలరోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు, తెలుసా?

ఏకవచనం దొర్లింది. మన్నించక్కర్లేదు.

తమ వంశమే అంత. పొగాకు మీద పడే దాయాదిగారి విషం పొట్లంలో ఉన్నంతసేపూ ఏమీ చెయ్యదు, ఆ పొట్లం విప్పడానికి మొక్క ఎంజైములు కూడా ఓ చెయ్యి వేస్తాయి. మరో దాయాదిగారి ప్రొటీన్‌తో స్కీ రిసార్టుల్లో మంచు తయారుచేస్తారు. పోన్లెండి, ఒక్కరైనా పనికొచ్చారు.

పది మొక్కల్లో ఆరు పీకి నల్ల సంచీలో కట్టేశాను. పీకేముందు పచ్చికాయలు ఏరి, మచ్చలు చెక్కేసి, పచ్చిమిర్చీ నువ్వులూ వేసి పచ్చడి నూరాను. మా ఆయన మారు వడ్డించుకుని తిన్నారు. ఆ పేరు తమ ఖాతాలో వేసుకోకండి.

వచ్చేవారం నుంచి ఎండలు మండిపోతాయట. తమకి వేడి పడదని చదివాను. నాలుగు మొక్కలు మిగిలాయి, నేనూ ఇక్కడే ఉంటాను.

ఇట్లు,
మడి యజమానురాలు

తా.క.: పక్క మడిలో గోంగూర ఉంది. అటు చూశారో, మర్యాదగా ఉండదు.