కోటింగ్ పోయిందని మళ్లీ పాలిష్‌కి ఇచ్చేముందు ఇది చదవండి

కారుకి సెరామిక్ కోటింగ్ (పెయింట్‌ని కాపాడేందుకు పైన వేసే గాజులాంటి పల్చటి పొర) వేయించి ఏడాది తిరక్కుండానే "నీళ్లు జారట్లేదు, కోటింగ్ పోయినట్టుంది" అంటూ మళ్లీ షాపుకి పరిగెత్తేవాళ్లు ఎక్కువైపోయారు. షాపువాళ్లు కూడా చెయ్యి పెట్టి చూడకుండానే మిషన్ పాలిష్, కొత్త కోటు అని వేలల్లో బిల్లు రాసేస్తున్నారు. చాలాసార్లు ఆ కోటింగ్ ఎక్కడికీ పోయుండదు. దాని మీద ఉప్పు, ఇనుప రజను, రోడ్డు జిడ్డు పేరుకుని ఉంటాయి, అంతే. డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు గానీ, పాలిష్‌లో అరిగిన క్లియర్ కోట్ (రంగు మీద ఉండే పారదర్శక పొర) తిరిగి రాదు.

కంపెనీ పెయింట్ మందం మొత్తం కలిపి సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో పైనుండే క్లియర్ కోట్ 40, 50 ఉంటుంది. ఎండ నుంచి రంగును కాపాడేది ఆ పొరే. మన కోటింగ్ మందం ఒకటి రెండు మైక్రాన్లు. ముతక ప్యాడ్‌తో ఒకసారి గట్టిగా కటింగ్ (పై పొరను అరగదీసే పాలిష్) కొడితే మూడు నాలుగు మైక్రాన్లు లేచిపోతాయి, అంటే కోటింగ్ కంటే ఎక్కువ. ఏటా ఇదే పని చేయిస్తే బానెట్ అంచులు, డోర్ల గీతల దగ్గర ముందు పల్చబడి, కొన్నాళ్లకి క్లియర్ కోట్ పొరలుగా లేస్తుంది. ఆ తర్వాత రీపెయింట్ తప్ప దారి లేదు.

"9హెచ్ కోటింగ్ సార్, గీత పడదు" అనే మాట నమ్మకండి. ఆ 9హెచ్ పెన్సిల్ కొలత. 6బి నుంచి 9హెచ్ దాకా పెన్సిళ్లతో గీసి చూసే పరీక్ష అది. మన రోడ్ల దుమ్ములో ఉండే ఇసుక రేణువు ముందు ఏ పెన్సిలూ ఆగదు. పొద్దున్నే ఒకే గుడ్డ, ఒకే బకెట్ నీళ్లతో సెల్లార్‌లో ఉన్న కార్లన్నీ తుడిస్తే, ఆ గుడ్డ పదో కారు దగ్గరికొచ్చేసరికి గరుకు కాగితమే. తుడిచే మనిషిని అనడానికి లేదు, ఆయనకి ఇచ్చిందే ఆ బకెట్టు. మీ కారుకి మీ గుడ్డలు వేరేగా ఇవ్వండి. పొడి గుడ్డతో దుమ్ము దులపొద్దని గట్టిగా చెప్పండి.

అన్నిటికంటే పెద్ద శత్రువు బోరు నీళ్లు. హైదరాబాద్ బోర్లలో చాలాచోట్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటుతుంది, వెయ్యి దాటేవీ ఉన్నాయి. ఎండలో కడిగి అలాగే వదిలేస్తే నీళ్లు ఆవిరై సున్నం మిగులుతుంది. కోటింగ్ మీద నీళ్లు పూసల్లా నిలుస్తాయి కాబట్టి ప్రతి పూసా ఒక తెల్ల మచ్చ అవుతుంది. ఇక ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు వృథా ఎందుకని కారుకి పోసేవాళ్లున్నారు. దయచేసి ఆపండి. బోరు నీళ్లలోని ఉప్పంతా చిక్కబడి వచ్చేది అందులోనే. వాటితో బాత్రూం కడగండి. కారుకి చివరి కడుగుడు ఐదారు లీటర్ల ఆర్వో మంచి నీళ్లతో పోసి, వెంటనే మందపాటి మైక్రోఫైబర్ టవల్‌తో అద్ది ఆరబెట్టండి. ఇరవై లీటర్ల క్యాన్ ఒకటి మూడుసార్లకి వస్తుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. నీడలో, బానెట్ చేతికి చల్లగా తగిలినప్పుడు మొదలుపెట్టండి. వ్యాక్స్ కలవని న్యూట్రల్ షాంపూతో కడగండి. వ్యాక్స్ ఉన్న షాంపూ వాడితే దాని పొరే కోటింగ్‌ని కప్పేస్తుంది. తర్వాత ఐరన్ రిమూవర్ కొట్టి మూడు నాలుగు నిమిషాలు ఉంచండి. ఊదా రంగు కారితే బ్రేకుల రజను కరుగుతోందన్నమాట. ఆరిపోనివ్వకుండా కడిగేయండి. తెల్ల మచ్చలుంటే వైట్ వెనిగర్, ఆర్వో నీళ్లు సమానంగా కలిపి, గుడ్డ తడిపి మచ్చ మీద నిమిషం పరిచి, కడిగి, మళ్లీ షాంపూ పెట్టండి. పాత మచ్చ క్లియర్ కోట్‌లోకి దిగిపోయుంటే దీనికి పోదు. క్లే (పెయింట్ మీద రుద్ది మురికి లాగే మట్టిముద్ద) జోలికి మాత్రం వెళ్లకండి, అది కోటింగ్‌నే గీస్తుంది.

ఇంత చేశాక పైపుకి నాజిల్ తీసేసి నీళ్లు పారించండి. నీళ్లు గబగబా జారితే మీ కోటింగ్ బతికే ఉంది. ఎస్‌ఐఓ2 (సిలికా కలిసిన) స్ప్రే ఒక్కో భాగానికి రెండు కొట్టులు కొట్టి, ఒక గుడ్డతో పరిచి, ఇంకో పొడి గుడ్డతో తుడిచేయండి. మూడు నెలలకోసారి చాలు. ఎక్కువ కొడితే మెరుపు పెరగదు, చారలు పడతాయి.

నీళ్లు పల్చటి పొరలా అతుక్కుని నిలబడితే ఆ భాగంలో పోయినట్టే. సాధారణంగా ముందు పోయేది బానెట్, రూఫ్. ఎండా, పక్షుల రెట్టా పడేది అక్కడే కదా. డోర్ల మీద ఇంకా బాగుంటే ఆ రెండింటికే కొత్త కోటు వేయించుకోవచ్చు, బండి మొత్తం అక్కర్లేదు. మెత్తటి ప్యాడ్‌తో ఒక్క ఫినిషింగ్ పాలిష్, ఆ పాలిష్‌లోని నూనె పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుపు, తర్వాత రెండడుగుల గళ్లలో కోటింగ్. మన ఏప్రిల్, మే వేడిలో అది అర నిమిషంలోనే బిగుసుకోవడం మొదలెడుతుంది. ఆలస్యంగా తుడిస్తే నల్లటి మరకల్లా గట్టిపడి, మళ్లీ పాలిష్ పెడితే తప్ప పోవు. తుడిచిన గుడ్డలు ఉతికి వాడకండి, ఆరాక వాటిలో గాజులాంటి గట్టి కణాలుంటాయి. ఒక రోజు నీళ్లు తగలనివ్వకండి, వారం దాకా షాంపూ వద్దు.

షాపుకే ఇస్తే మిషన్ ఆన్ చేయకముందే మందం కొలిచే మీటర్‌తో ప్రతి భాగం రీడింగ్ మీ ముందు తీయించి, కాగితం మీద రాయించుకోండి. 200 మైక్రాన్లు దాటితే అక్కడ ఎప్పుడో రీపెయింట్ అయ్యిందేమో అడగండి. 80కి దగ్గర్లో ఉంటే ఆ భాగానికి కటింగ్ వద్దని చెప్పండి. మీటరే లేదన్న చోట తాళం ఇవ్వకండి.