రాత్రి రెండింటికి ఎవరి కోసం ఈ కరెంటు?

(ఆరంతస్తుల ఆఫీసు భవనం. కరెంటు ఎక్కడెంత పోతోందో కొలిచి, ఏసీలను కంప్యూటర్‌తో నడిపే ఎనర్జీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ పెడదామని కొత్తగా వచ్చిన ఎనర్జీ మేనేజర్ ప్రతిపాదించింది. ఇరవై ఏళ్లుగా ప్లాంట్ రూమ్‌లు, అంటే ఏసీ యంత్రాలుండే గదులు, చూస్తున్న సూపర్‌వైజర్ ససేమిరా అంటున్నాడు. ఏసీకి నీళ్లు చల్లబరిచే చిల్లర్ల హోరులో ఇద్దరూ గొంతు పెంచే మాట్లాడుకుంటున్నారు. కోపం కొంతే, మిగతాది చిల్లర్ల పుణ్యం.)

సూపర్‌వైజర్: మోటారు పక్కన నిలబడితే బేరింగ్ ఎన్నాళ్లుంటుందో చెవితో చెప్పేస్తానమ్మా. దానికి కంప్యూటర్ ఎందుకు?

మేనేజర్: బేరింగ్ సంగతి మీకే వదిలేస్తాను సార్. నా గొడవ వేరు. కరెంటు బిల్లు నెలకోసారి వస్తుంది. అందులో లిఫ్టులు తిన్నదెంత, ఏసీలు తిన్నదెంత, ఖాళీ గదుల్లో వెలిగిన లైట్లు తిన్నదెంత? అంతా కలిపి ఒకటే అంకె. ఒక్కోదానికి విడిగా సబ్‌మీటర్లు పెట్టి పావుగంటకోసారి రీడింగ్ తీస్తే ఎక్కడ ఎంత పోతోందో తెలుస్తుంది.

సూపర్‌వైజర్: తెలిస్తే? బరువు చూసుకునే మిషన్ ఎక్కినంత మాత్రాన ఒళ్లు తగ్గుతుందా?

మేనేజర్: తగ్గదు. సరే, ఒకటి అడుగుతాను. మొన్న ఆదివారం వచ్చి చూశాను. ఆఫీసులో పురుగు లేదు, నాలుగో అంతస్తుకి చల్లగాలి పంపే ఏహెచ్‌యూ మాత్రం తిరుగుతోంది. ఎందుకు?

సూపర్‌వైజర్: (కాసేపాగి) ఎప్పుడో ఒక ఆదివారం మీటింగ్ ఉందని టైమర్ బైపాస్ చేశాం. మళ్లీ మార్చడం మరిచిపోయుంటారు.

మేనేజర్: ఏసీ ఆగిపోతే నిమిషంలో మీకు ఫోన్ వస్తుంది. ఊరికే తిరిగితే ఏడాదైనా ఎవరూ ఫోన్ చేయరు. నాకు కావాల్సింది ఆ ఫోన్ చేసే మనిషి.

సూపర్‌వైజర్: దానికైతే ఆదివారం ఒక రౌండ్ వేయిస్తా. ఖర్చు లేకుండా పోతుంది.

మేనేజర్: మరి ఫ్యాన్ల వేగం? వేగం 20 శాతం తగ్గిస్తే మోటారు తినే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. వేగానికి మూడో ఘాతంలో మారుతుందది.

సూపర్‌వైజర్: నాకు తెలీదనుకున్నావా? ఆ పని మోటారు వేగం మార్చే వీఎఫ్‌డీ చేస్తుంది, నీ సాఫ్ట్‌వేర్ కాదు.

మేనేజర్: చేస్తుంది, ఎవరైనా చెబితే. మన వీఎఫ్‌డీలన్నీ ఫుల్ స్పీడ్‌లోనే ఉన్నాయి కదా! బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ 420 పీపీఎం పైనే, అంటే పది లక్షల పాళ్లలో 420కి పైనే, ఉంటుంది. మీటింగ్ హాలు నిండితే వెయ్యి దాటిపోతుంది. అప్పుడు బయటి గాలి ఎక్కువ కావాలి. హాలు ఖాళీ అయ్యాక కూడా అంతే గాలి లాగి చల్లబరచడం దేనికి? సెన్సర్ చూసి తగ్గించొచ్చు.

సూపర్‌వైజర్: ఆఁ, సెన్సర్! ఇక్కడే నాకు మండుతుంది. నేను వెనక పనిచేసిన చోట పెట్టారు నీ సిస్టమ్. ఒక సెన్సర్ తీసుకెళ్లి సరిగ్గా ప్రింటర్ పైన బిగించారు. అది రెండు డిగ్రీలు ఎక్కువ చూపించేది. సిస్టమ్ పాపం నమ్మి చల్లగాలి కొట్టేది, జనం స్వెటర్లు వేసుకుని కూర్చునేవాళ్లు. కంపెనీవాడికి చెబితే వస్తాం, వస్తాం అన్నాడు. చివరికి ఆపరేటర్ ఏం చేశాడు? ఆటో నుంచి హ్యాండ్‌కి, అంటే చేత్తో నడిపేదానికి, తిప్పేశాడు. ఒకటి తిప్పాక రెండోది, మూడోది. ఆరు నెలలకి అన్నీ హ్యాండే. స్క్రీన్ మీద మాత్రం బొమ్మలు బ్రహ్మాండంగా తిరుగుతుండేవి.

(ఈ మాటకు ఆమె దగ్గర సిద్ధంగా జవాబు లేదు. ఉన్నట్టు నటించకపోవడం ఆమె గొప్ప.)

మేనేజర్: అది నిజమే సార్. సెన్సర్ల కాలిబ్రేషన్‌కి, అంటే సరిగ్గా చూపిస్తున్నాయో లేదో సరిచూడటానికి, మనిషిని, బడ్జెట్‌ని ముందే రాయించకపోతే ఇక్కడా అదే జరుగుతుంది.

సూపర్‌వైజర్: హ్యాకింగ్ ఒకటి. 2013లో అమెరికాలో టార్గెట్ దుకాణాల కార్డు నంబర్లు నాలుగు కోట్ల దాకా పోయింది ఏసీ కాంట్రాక్టర్ దారినే కదా?

మేనేజర్: కాంట్రాక్టర్ లాగిన్ దొంగిలించారు, నిజమే. కానీ అది బిల్లింగ్ పనులకిచ్చిన లాగిన్, ఏసీ కంట్రోళ్లది కాదు. అయినా మన సిస్టమ్‌కి నెట్‌వర్క్ వేరుగానే ఉండాలి, ఒప్పుకుంటా.

సూపర్‌వైజర్: ఇంకో మాట. న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ బిల్డింగ్‌లో ఎనర్జీ వాడకం 38 శాతం తగ్గించే ప్లాన్ వేశారే, అందులో దాదాపు 6,500 కిటికీలు బాగుచేయడం కూడా ఉంది. ముందు ఎండ ఆపు, తర్వాత కంప్యూటర్ కొను.

మేనేజర్: అదే ప్లాన్‌లో డిజిటల్ కంట్రోళ్లూ ఉన్నాయి, సెన్సర్ చూసి గాలి మార్చే ఏర్పాటూ ఉంది. మీరు కిటికీల దగ్గరే ఆగిపోయారు!

సూపర్‌వైజర్: (నవ్వు ఆపుకుంటూ) సరే. ముందు మీటర్లు మాత్రం పెట్టు. కంట్రోళ్ల జోలికి రావద్దు. మూడు నెలలు చూద్దాం.

మేనేజర్: పెడతాను. రాత్రి రెండింటికి బిల్డింగ్ మొత్తం లోడ్ ఎంతుంటుందో ఇప్పుడే చెప్పండి, రాసుకుంటా.

సూపర్‌వైజర్: సర్వర్ రూమ్, కారిడార్ లైట్లు, అంతేగా... ముప్పై కిలోవాట్లు దాటదు.

(ఆమె అంకె, తేదీ రాసి, ఆయన చేత సంతకం పెట్టించుకుంది. పెన్ను తిరిగిచ్చాక ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "నలభై అని రాయి" అన్నాడు.)