సవరణ: సిగరెట్ మానేశాక తల తిరగడం గురించి

సిగరెట్, బీడీ మానేసిన కొత్తలో తల తిరిగితే బీపీ పడిపోయినట్టేనని, ఉప్పు నీళ్లు తాగితే సరిపోతుందని మొన్న రాశాను. అది తప్పు. కడపలో పొగాకు మాన్పించే డాక్టర్ దగ్గర అడిగి తెలుసుకున్నాను.

పొగతో రక్తంలో చేరిన కార్బన్ మోనాక్సైడ్ ఒకట్రెండు రోజుల్లో పోయి, ఆక్సిజన్ బాగా అందుతుంది. నికోటిన్ లేకుండా ఉండటం కూడా ఒంటికి కొత్తే. అందుకే తల తేలిపోతున్నట్టు ఉంటుంది, చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గుతుంది. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు నీళ్ల జోలికి అసలు పోవద్దు. మన ఎండలకు ఒంట్లో నీళ్లు తగ్గినా తల తిరుగుతుంది, కాబట్టి మంచినీళ్లు బాగా తాగండి. స్పృహ తప్పినా, గుండెల్లో నొప్పి వచ్చినా, మాట తడబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మళ్లీ వెలిగించాలనిపిస్తే పొగాకు మానడానికి సాయం చేసే జాతీయ హెల్ప్‌లైన్ 1800 112 356కు ఫోన్ చేయండి, ఉచితం.